బటన్లు చెడిపోలేదు, తప్పు మా ప్రోగ్రాంలోనే ఉంది

మోటారును ఫోన్‌తో వేసి ఆపే మా ఫోన్ స్టార్టర్ డబ్బా వాడుతున్న రైతులకూ, బిగించే మెకానిక్‌లకూ నమస్కారం.

"ఒకసారి బటన్ నొక్కితే కాంటాక్టర్ టకటకా కొట్టుకుని మోటారు ఆగిపోతోంది" అని ఈ వేసవిలో చాలామంది ఫోన్ చేశారు (కాంటాక్టర్ అంటే మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్). మేం తేమ చేరిందన్నాం, డబ్బాలోకి చీమలు దూరాయన్నాం. కొందరికి కొత్త బటన్ వేసి డబ్బులు కూడా తీసుకున్నాం. ఆ డబ్బులు తిరిగి ఇచ్చేస్తున్నాం. బిల్లు లేకపోయినా డబ్బా మీది నంబరు చెబితే చాలు.

అసలు జరిగింది వేరు. బటన్ లోపలి రేకు అతుక్కునే ముందు నాలుగైదు సార్లు ఎగిరిపడుతుంది, బండ మీద పడ్డ గోళీలాగా. అంతా కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది కాబట్టి మనకు తెలియదు. చిప్‌కి మాత్రం అది బోలెడు సమయం. మా డబ్బాలో ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే బటన్ కదా, రేకు ఎగిరిన ప్రతిసారీ ఎవరో కొత్తగా నొక్కారనుకుంది. లెక్క బేసి వస్తే మోటారు ఆన్, సరి వస్తే ఆఫ్. షాపులో కొత్త బటన్లు పదే పదే నొక్కి చూసి బాగుందనుకున్నాం. ఏడాదిపాటు ఎండలో, దుమ్ములో ఉన్న బటన్‌తో ఎవరం చూడలేదు.

ఇప్పుడు ప్రోగ్రాం 5 మిల్లీసెకన్లకోసారి బటన్‌ని చూస్తుంది. వరుసగా 8 సార్లు నొక్కే ఉన్నట్టు కనిపిస్తేనే లెక్కలోకి తీసుకుంటుంది. వేలు తీసేదాకా ఇంకో నొక్కుడు ఒప్పుకోదు. కరెంటు వచ్చేసరికే బటన్ ఇరుక్కుని ఉంటే మోటారు వెయ్యదు. ఇంతకుముందు ఎస్సెమ్మెస్ వెళ్లేదాకా బటన్ వంక చూసేదే కాదు, అదీ సరిచేశాం.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. బటన్‌ని ఇంటి గోడకు పెట్టుకుని, దాని వైరును త్రీఫేజ్ కేబుల్ ఉన్న పైపులోనే లాగిన చోట, ఎవరూ నొక్కకుండానే మోటారు లేచింది. మా డబ్బాలోని ఏటీమెగా 328పీ చిప్ లోపలి పుల్-అప్ రెసిస్టర్ (బటన్ నొక్కనప్పుడు వైరును ‘నొక్కలేదు’ అన్నట్టే పట్టి ఉంచేది) విలువ 20 నుంచి 50 కిలోఓమ్‌లు. అంత పొడవు వైరును అది గట్టిగా పట్టుకోలేదు, పక్క కేబుల్‌లో స్పైక్ (వోల్టేజి ఒక్కసారిగా ఎగరడం) వస్తే బటన్ నొక్కినట్టే కనిపిస్తుంది. బయట 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, కాంటాక్టర్ కాయిల్ మీద స్పైకుల్ని అణిచే స్నబ్బర్ వేస్తున్నాం. మెకానిక్‌లు మాత్రం దయచేసి బటన్ వైరు వేరే పైపులో లాగండి.

పాతకాలపు స్టార్టర్‌లో పచ్చ బటన్ నొక్కి వదిలేస్తే కాంటాక్టర్ తన హోల్డింగ్ కాంటాక్ట్‌తో (బటన్ వదిలాక కాయిల్‌కి కరెంటు అందించేది) తానే నిలబడేది. ఎర్ర బటన్ కాయిల్ కరెంటును నేరుగా తెంచేది, మధ్యలో ఏ చిప్పునీ అడిగేది కాదు. ఒక బటన్ ఖర్చు మిగిలిందని మురిసిపోయి ఆ ఏర్పాటును తీసేసింది మేమే. కొత్త బోర్డులో రెండు బటన్లూ మళ్లీ వచ్చాయి. చిప్ నడిపే మా రిలే (చిన్న స్విచ్) పచ్చ బటన్‌కి పారలల్‌లో ఉండి, ఒక్క సెకను నొక్కి వదిలినట్టు చేస్తుందంతే. ఫోన్‌తో ఆపడానికి ఇంకో రిలే ఎర్ర బటన్‌తో సిరీస్‌లో ఉంటుంది. ప్రోగ్రాం హ్యాంగ్ అయినా ఎర్ర బటన్ నొక్కితే మోటారు ఆగుతుంది.

పాత డబ్బాలు ఫోన్ ద్వారా అప్‌డేట్ కావు, షాపుకి తేవాల్సిందే. బోర్డు ఉచితంగా మారుస్తాం. రోజుకి ఆరింటికి మించి చెయ్యలేం, ముందు ఫోన్ చేసి రండి. అప్పటిదాకా మోటారు మీద చెయ్యి వేసేముందు మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకోండి. బటన్‌తో ఆపాం కదా అని ఊరుకోవద్దు.