ప్రెసిడెంటైన నాన్నకు

దోహా,
మార్చి మొదటి శుక్రవారం

నాన్నా,

మీరు మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్ అయ్యారని అమ్మ చెప్పింది. మీటింగులో మూడో అంతస్తు రావు గారు నీళ్ల ట్యాంకర్ డబ్బుల గురించి అరిచారనీ, ఆ రాత్రి మీరు బీపీ మాత్ర వేసుకోకుండానే పడుకున్నారనీ చెల్లి చెప్పింది. ఎవరేమన్నా మాత్ర మాత్రం మానొద్దు. ఇక్కడ నా పని మామూలే. తిండికేం ఇబ్బంది లేదు.

రావు గారి అనుమానం అరుపులతో తేలదు, కొలిస్తే తేలుతుంది. మన సంపు లోపల 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. ఆ లెక్కన ఒక్క అంగుళం నీళ్లంటే దాదాపు 226 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ పూర్తిగా దిగితే మట్టం 22 అంగుళాలు పెరగాలి. 19 అంగుళాలే పెరిగిందంటే 700 లీటర్లు తక్కువ పోసినట్టు.

ఎండిన వెదురు కర్ర మీద అంగుళాల గీతలు పెట్టించి, సుద్ద పూయండి. తడి ఎక్కడిదాకా వచ్చిందో స్పష్టంగా కనిపిస్తుంది. సంపు అడుగు ఒక పక్కకి వాలి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకే మూల దించాలి. ట్యాంకర్ పైపు పెట్టకముందే మోటారు ఆపి, నల్లా వాల్వు కట్టేయాలి. ఇది మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది, పాపం ట్యాంకర్ అతని మీద నింద పడుతుంది. నీళ్లు దిగాక ఐదు నిమిషాలు ఆగి, అల తగ్గాక రెండోసారి కొలవాలి.

ఆ కర్ర మాత్రం మీరు పట్టుకోవద్దు నాన్నా, రావు గారికే ఇవ్వండి. మీరు కొలిచి ఎంత చెప్పినా ఆయనకు అనుమానం మిగులుతుంది. ఆయన కొలిస్తే అది ఆయన లెక్క అవుతుంది, మిగతా ఫ్లాట్లకు ఆయనే చెబుతారు. ఆయన చెడ్డవారు కాదు. డబ్బు ఎటు పోతోందో కనిపించకపోతే ఎవరికైనా కోపమే వస్తుంది. తేదీ, ముందు ఎన్ని అంగుళాలు, తర్వాత ఎన్ని, ఎంత కట్టాం, ఎవరు కొలిచారు, ఇవన్నీ అదే రోజు లిఫ్ట్ పక్కన బోర్డు మీద రాయించండి. నెలాఖరుకు ఒకేసారి పెడితే సరిచూసుకునే వీలు ఎవరికీ ఉండదు.

అమ్మ మోకాళ్లకు నూనె రాస్తోందా? మెట్లు ఎక్కనివ్వకండి.

మోటారు వేసే యాదగిరి గురించి. ఒక ఫ్లాటు మోటారు వేయమంటుంది, ఇంకో ఫ్లాటు ఆపమంటుంది. అతనికి ఒక్కరే చెప్పాలి, ఆ ఒక్కరూ ఎవరో అందరికీ తెలియాలి. బోరు మోటారు గంట నడిపి, నీళ్లు ఊరడానికి రెండు గంటలు ఆపమనండి. ప్యానెల్ మీద ఆంప్స్ ముల్లు, అంటే మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూపే ముల్లు, రోజూ ఎక్కడుంటుందో అక్కడ స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి. నీళ్లు అందకపోతే మోటారుకు భారం ఉండదు, ముల్లు ఆ గీత కిందికి బాగా పడిపోతుంది. వెంటనే ఆపాలి. బోరు మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే, అవి లేకుండా నడిస్తే కాలిపోతుంది. అతను పొరపాటు చేస్తే పార్కింగులో అందరి ముందు అనకండి, పక్కకు పిలిచి చెప్పండి. తిట్లకు భయపడితే ఈసారి ముల్లు పడిపోయినా చెప్పడు. ఆ దాచిన అరగంట మోటారు రీవైండింగ్ దాకా తెస్తుంది.

ట్యాంకర్లు ఎక్కువ పడుతున్నాయంటే కారుతున్నది కూడా చూడాలి. రాత్రి పన్నెండుకు పై ట్యాంకు మట్టం గుర్తు పెట్టి, నాలుగింటికి మళ్లీ చూడండి. తగ్గితే ఒక్కో లైను వాల్వు కట్టి, ఎటు పోతోందో పట్టుకోవాలి. ఎక్కువసార్లు దొరికేది ఫ్లష్ ట్యాంకే, చప్పుడు లేకుండా కారుతుంది. అందులో బట్టల నీలం నాలుగు చుక్కలు వేసి ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఉంచండి. కింద కమోడ్‌లోకి నీలం దిగితే లోపలి రబ్బరు అరిగినట్టు. ముందు మన ఇంట్లో చూడండి. హాలు పక్క బాత్రూమ్ నాకు ఎప్పటినుంచో అనుమానమే. మనది కారుతుంటే బోర్డు మీద మొదట మన నంబరే రాసి, బాగు చేయించిన తేదీ పక్కన వేయండి. ఆ తర్వాత ఇంకో ఇంటి తలుపు కొట్టినా ఎవరూ తప్పుపట్టరు.

2021 జనవరి నుంచి హైదరాబాద్ జలమండలి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తోంది కదా. అపార్ట్‌మెంట్లలో మీటరు పనిచేయాలి, ప్రతి ఫ్లాటూ ఆధార్ లింకు చేయించాలి. ఎవరివి మిగిలాయో అడగండి. చెల్లి ఫోన్లో చేసిపెడుతుంది.

ఎండలు ముదరకముందే సంపు కడిగించండి. మూతలు తీసి బాగా గాలి ఆడనిచ్చాకే మనిషిని దించాలి, నడుముకు తాడు కట్టాలి, పైన ఇంకొకరు ఉండాలి. తొందరని ఎవరన్నా ఇందులో మాత్రం ఒప్పుకోవద్దు, మీరు దగ్గరే నిలబడండి. నీళ్లు నింపాక వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయాలి, గంట తర్వాతే మోటారు వేయాలి. పాత ప్యాకెట్ వాడొద్దు, గాలి తగిలితే ఘాటు పోతుంది.

ఎప్పుడొస్తావని అమ్మ ప్రతి ఫోన్లో అడుగుతోంది. సెలవు ఇవ్వకపోతే నేనేం చేయను? రావాలని లేక కాదు నాన్నా. ఇక్కడ తాగేవి ఉప్పు తీసిన సముద్రపు నీళ్లు, ఎన్నాళ్లయినా మన మంజీరా రుచి నాలుక మీంచి పోలేదు. దసరాకు గట్టిగా అడుగుతాను.

కర్ర తయారయ్యాక చెల్లితో ఫొటో తీయించి పంపండి. గీతలు సరిగ్గా పడ్డాయో లేదో చూసి చెబుతాను.

మీ
చిన్నోడు