రసీదు వెనక మూడు లైన్లు కొట్టేశాను

మన కుట్టు అంగడికి వచ్చే అమ్మలకి, అక్కలకి, చెల్లెళ్లకి అందరికీ. వచ్చే సోమవారం నుంచి కొత్త రసీదు పుస్తకం వాడతాను. పాత రసీదు వెనక ఎర్ర సిరాతో మూడు లైన్లు ఉండేవి, చాలామంది చదివుండరు, అచ్చేయించిన రోజు తర్వాత నేనూ చదవలేదు. నెల లోపు తీసుకెళ్లని బట్టలకు బాధ్యత లేదు. పాత బాకీ తీర్చనిదే కొత్త బట్టలు ఇవ్వబడవు. వరద, అగ్నిప్రమాదం, దొంగతనం వల్ల కలిగే నష్టానికి యాజమాన్యం బాధ్యత వహించదు. ప్రెస్సాయన ఇంకెవరిదో రసీదు చూపించి ఇవే వేసేద్దామా అంటే వేసేయమన్నాను, అంతే. ఇప్పుడు ఆ మూడూ తీసేశాను. ఎందుకు తీసేశానో మీకు చెప్పాలి, ఎందుకంటే ఆ లైన్లు ఉన్నాయి కదా అనే ధైర్యంతో మీలో కొందరి దగ్గర నేను తప్పుగా నడుచుకున్నాను.

ముందు ఇంకో సంగతి. ఏడు నెలలుగా మంగళవారం, గురువారం సాయంత్రం ఐదున్నరకే షట్టర్ దించేస్తున్నాను కదా, ఒంట్లో బాగాలేదేమో అని కొందరు, అంగడి అమ్మేస్తున్నానేమో అని కొందరు మా పిల్లల్ని అడిగారంట. అదేం లేదు, నేను చదువుకుంటున్నాను. ఊళ్లో ఒక కాలేజీ వాళ్లు పనులు చేసుకునేవాళ్ల కోసం సాయంత్రం పూట కమ్యూనిటీ కాలేజీ నడుపుతున్నారు, అందులో చిన్న వ్యాపారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది, దాన్లో బిజినెస్ లా ఒక పేపరు. ఇంటర్ అయిన పంతొమ్మిదేళ్లకి మళ్లీ బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన రొయ్యల మేత డీలర్ దగ్గర లెక్కలు రాసే అమ్మాయి, వెనక వేదాయపాళెం నుంచి వచ్చే క్యాటరింగ్ ఆయన, ముందు మందుల షాపు అబ్బాయి. అందరం రోజంతా పని చేసి వచ్చినవాళ్లమే, అయినా లా క్లాసులో మాత్రం ఎవరికీ కునుకు పట్టదు, ప్రతి పాఠం మా అంగళ్లలో జరిగిందే.

చేరడానికి కారణం యూనిఫాంలు. రెండేళ్ల క్రితం ఒక స్కూలు వాళ్లు 240 జతలు కుట్టమని నోటిమాటగా చెప్పారు, రేటు కూడా నోటితోనే, సగం కుట్టాక జతకి 60 రూపాయలు తగ్గించి ఇస్తామన్నారు. స్టాంపు పేపరు లేదు కాబట్టి నాకు హక్కేమీ లేదనుకుని ఇచ్చింది తీసుకున్నాను. క్లాసులో రెండో వారం తెలిసింది, ఇలాంటి పనికి నోటిమాట కూడా ఒప్పందమేనంట. మన దేశంలో ఒప్పందాల చట్టం 1872 నుంచి ఉంది, ఒకరు అడగడం, ఇంకొకరు సరే అనడం, ఇష్టపూర్వకంగా ఒప్పుకోవడం, ఇచ్చిపుచ్చుకునేదేదో ఉండటం, చేసే పని చట్టానికి వ్యతిరేకం కాకపోవడం, ఒప్పుకునేవాళ్లు మేజర్లు అయి మతి స్థిమితంగా ఉండటం, ఇవి కుదిరితే చాలు. కాగితం రుజువుకి పనికొస్తుంది. నా ఫోన్‌లో వాళ్ల వాయిస్ మెసేజ్ ఉండనే ఉండె, దాన్ని నేనే డిలీట్ చేశాను. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

అసలు విషయం మాత్రం ఆ తర్వాత వచ్చింది. బెయిల్‌మెంట్ అని ఒక పాఠం. కోర్టులో బెయిలు కాదు. ఒకరి వస్తువు ఇంకొకరి చేతికి ఒక పని మీద ఇవ్వడం, పని అయ్యాక తిరిగి తీసుకోవడం. చాకలికి బట్టలు, మెకానిక్‌కి బండి, నాకు మీ చీర. అది ఎప్పుడూ మీదే, నా బీరువాలో ఉన్నా మీదే. ఆ పాఠం చెబుతూ సారు 170వ సెక్షన్ చదివించారు. పని చేసినవాడు ఆ పని కూలి వచ్చేదాకా ఆ వస్తువును తన దగ్గర పెట్టుకోవచ్చు అని ఉంది, నాకు సంతోషమేసింది. దాని కింద చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకాయన దర్జీకి గుడ్డ ఇచ్చి కోటు కుట్టమన్నాడు. దర్జీ కుట్టగానే ఇస్తాను, డబ్బులకి మూడు నెలలు ఆగుతాను అన్నాడు. అలా అన్నాక డబ్బులు వచ్చేదాకా కోటు ఇవ్వను అనే హక్కు ఆ దర్జీకి లేదు. నూటయాభై ఏళ్ల క్రితం రాసిన చట్టంలో నాలాంటి మనిషి ఉన్నాడు, నేను చేసిన తప్పే అక్కడ రాసి ఉంది. "నెలాఖరుకి ఇద్దువులే అక్కా" అని నేనే అని, తీరా జాకెట్టు తీసుకోడానికి వచ్చినప్పుడు చేతిలో డబ్బు లేదని వెనక్కి పంపిన రోజులు నాకు గుర్తున్నాయి.

రెండో లైను దానికన్నా అన్యాయం. పోయిన కార్తీకంలో ఒక అక్క తన కూతురి ఓణీల ఫంక్షన్‌కి మగ్గం వర్క్ జాకెట్టు కుట్టించుకుంది. దాని డబ్బులు మొత్తం తెచ్చింది. అంతకు ముందు ఏడాది తాలూకు 1,850 రూపాయల బాకీ ఉందని, అది కూడా కడితేనే ఇస్తానని నేను రసీదు తిప్పి చూపించాను. ఆమె ఏమీ అనలేదు. పిల్ల మాత్రం గాజు అద్దం లోపల హ్యాంగర్‌కి వేలాడుతున్న జాకెట్టు వంక చూస్తా నిలబడింది. ట్రంకు రోడ్డులో రెడీమేడ్ కొనుక్కుని ఫంక్షన్ చేసుకున్నారని తర్వాత తెలిసింది. చట్టం ప్రకారం ఏ జాకెట్టు కూలికి ఆ జాకెట్టునే ఆపుకోవచ్చు, పాత బాకీకి కొత్తదాన్ని పట్టుకునే హక్కు బ్యాంకులు, హైకోర్టు అటార్నీలు, రేవుల దగ్గర సరుకు దాచేవాళ్లు, ఇట్లా 171వ సెక్షన్ చెప్పిన అయిదు రకాల వాళ్లకే. మిగతావాళ్లయితే ముందే స్పష్టంగా ఒప్పుకుని ఉండాలి. నేను రసీదు ఇచ్చేది బట్టలు తీసుకుని కొలతలు రాసుకున్నాక, ఆ వెనక లైన్లు ఎవరికీ చదివి వినిపించిందీ లేదు, దాన్ని ఒప్పుకోవడం అని నేనెట్లా అనగలను? ఆ అక్క ఇంటికి నేను, మన అంగడి కటింగ్ మాస్టరు వెళ్లి క్షమించమని అడిగి జాకెట్టు ఇచ్చి వచ్చాం. పాప ఇప్పుడు కొంచెం లావైంది, పక్కల్లో విప్పి మళ్లీ కుట్టి ఇచ్చాను.

ఇక మూడోది, వరద. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు మన అంగడి పొర్లుకట్ట దగ్గర ఉండేది, మీకు గుర్తుంటుంది. ఎనిమిది మంది చీరలు, జాకెట్టు గుడ్డలు తడిసి బురద పట్టాయి. నీళ్లు తీసేశాక ఒక నైలాన్ సంచి విప్పితే గంధం రంగు పట్టుచీర, దాని ఎర్ర అంచు రంగు మడత మడతకీ దిగి, పిన్నుతో పెట్టిన చీటీ మీద పేరు నీలంగా కరిగిపోయి ఉంది. మీరొచ్చి అడిగితే, వరద దేవుడు తెచ్చింది, నేనేం చేసేది అన్నాను. రసీదు కూడా అదే చెప్తోంది అన్నాను. ఇప్పుడు నిజం చెప్తున్నాను. సోమశిల డ్యాం నుంచి నీళ్లు వదులుతున్నారని ముందే తెలుసు. ఆ సాయంత్రం మేం ముగ్గురం కలిసి మూడు మిషన్లు, ఓవర్‌లాక్ మిషను ఎత్తి కటింగ్ బల్ల మీద పెట్టాం. మీ సంచులు కింది అరలోనే ఉండిపోయాయి. 151వ సెక్షన్ చెప్పేది ఏమిటంటే, మామూలు తెలివి ఉన్న మనిషి అలాంటి పరిస్థితిలో తన సొంత వస్తువుకి ఎంత జాగ్రత్త పడతాడో, చేతికిచ్చిన వస్తువుకీ అంత జాగ్రత్త పడాలి. అంత జాగ్రత్త పడ్డాక కూడా పాడైతే అతని తప్పు కాదు. నా సొంత వస్తువులకి నేను ఏం చేశానో బల్ల మీదే కనబడుతోంది కదా.

రసీదు మీద రాసి ఉంది కదా సార్ అని క్లాసులో అడిగాను. దానికి సారు సుప్రీంకోర్టు కేసు ఒకటి చెప్పారు. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటల్లో పార్కింగ్ కోసం తాళం ఇచ్చిన కారు దొంగతనమైంది. టోకెన్ మీద బాధ్యత యజమానిదే అని అచ్చేసి ఉంది. 2019లో సుప్రీంకోర్టు, తమ నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం నుంచి అలా కాగితం మీద రాసుకుని తప్పించుకోలేరని తీర్పు చెప్పింది. అంత పెద్ద హోటలుకే చెల్లనిది నా అంగడికి చెల్లుతుందా.

ఆ ఎనిమిది మందిలో అయిదుగురిని వెతికి పట్టుకున్నాను, ఇద్దరికి చీర ఖరీదు కట్టాను, ముగ్గురు డబ్బు వద్దు కుట్టుకూలిలో తగ్గించుకుంటాం అన్నారు. మిగతా ముగ్గురి పేర్లు పుస్తకంతో పాటు నీళ్లలో పోయాయి. మీరు గనక ఇది చదువుతుంటే దయచేసి రండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి రెండేళ్ల గడువు, అది ఎప్పుడో దాటిపోయింది, ఆ సంగతి నాకు తెలుసు, అయినా మీకు రావాల్సింది నేను ఇస్తాను.

కొత్త రసీదులో "ఎందుకు, ఏ రోజుకి" అని ఒక గడి పెట్టాను. దాన్ని ఖాళీగా వదలకండి, నేను మర్చిపోతే మీరే గుర్తు చేయండి. దీని వెనక కూడా ఒక దర్జీ ఉన్నాడు. గోవిందరావు అనే ఆయన, 1898 నాటి మద్రాసు హైకోర్టు కేసు, అప్పుడు మన నెల్లూరు కూడా మద్రాసు కిందే. ఎక్కడో ఉత్సవం జరుగుతుంటే అక్కడ కుట్టుపని బాగా దొరుకుతుందని మిషను, గుడ్డలు రైల్లో వేశాడు. రైలు కంపెనీ వాళ్ల తప్పు వల్ల సరుకు ఆలస్యమైంది, ఉత్సవం అయిపోయింది. పోయిన లాభం, దారి ఖర్చులు ఇప్పించమని కోర్టుకెళ్తే రాలేదు. ఉత్సవం కోసమని కంపెనీకి ఆయన చెప్పలేదు, తెలియని నష్టానికి వాళ్లని బాధ్యుల్ని చేయలేం అన్నారు. ఆ పాఠం విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది, మిషను పక్కన పెట్టుకుని ఖాళీ పందిళ్ల మధ్య నిలబడ్డ మనిషి కళ్ల ముందు మెదిలాడు. అందుకే అడుగుతున్నాను, ముహూర్తం ఎప్పుడో, పెళ్లికా, సీమంతానికా, ఊరికే కట్టుకోడానికా రాయించండి. రాయించిన రోజుకి నేను ఇవ్వలేకపోతే కూలి తీసుకోను, మగ్గం వర్క్ అడ్వాన్సు కూడా వెనక్కి ఇస్తాను.

18 నిండని పిల్లల దగ్గర ఇకమీద ఆర్డరు తీసుకోను. మైనర్‌తో చేసుకున్న ఒప్పందం మొదట్నుంచీ చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ వాళ్ల కాలంలో మనకి అన్నిటికన్నా పై కోర్టు, తేల్చేసింది. నా భయం దానికన్నా చిన్నది, అమ్మకి తెలియకుండా బీరువాలోంచి అమ్మ పట్టుచీర తెచ్చి లాంగ్ ఫ్రాక్ కుట్టమనే పిల్లలు ఉన్నారు, కత్తెర పడ్డాక అది మళ్లీ చీర కాదు. అమ్మ రావాలి, లేదా ఫోన్లో నాతో మాట్లాడాలి.

రేట్లు కూడా మారుతున్నాయి. లైనింగ్ జాకెట్టు 450 నుంచి 480, మామూలుది 20 రూపాయలు ఎక్కువ, ఫాలు, పీకో పాత ధరే. మీ బట్టల కోసం నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఇనుప ర్యాకు చేయించాను, ఇన్సూరెన్సు పాలసీలో నా మిషన్లతో పాటు కుట్టడానికి ఇచ్చిన బట్టల్ని కూడా చేర్పించాను, ఆ ఖర్చు ఇది. రసీదు కింద 1915 అని ఉంటుంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు. నా దగ్గర న్యాయం జరగలేదనిపిస్తే దానికి చేయండి. జిల్లా కమిషన్‌కి వెళ్లినా 5 లక్షల లోపు విలువకి ఫీజు ఉండదు. నా మీద ఫిర్యాదు ఎట్లా చేయాలో నేనే చెప్తున్నానని మాస్టరు కోప్పడ్డాడు, కానీ ఆ నంబరు నా దగ్గర దొరక్కపోతే ఇంకెక్కడ దొరకాలి?

మొదటి లైను సంగతి మిగిలింది, నెల దాటితే బాధ్యత లేదన్నది. బీరువా పై అరలో 43 జాకెట్లు ఉన్నాయి, కుట్టి, ఇస్త్రీ చేసి, ఎవరూ తీసుకెళ్లనివి. పోయిన సంక్రాంతికి కొన్ని అమ్మేద్దామనుకున్నాను, అమ్మలేదు, అది మంచిదైంది, అవి నావి కావు. రసీదు పోయినా పర్వాలేదు, ఆది జాకెట్టు పట్టుకొస్తే కొలత చూసి గుర్తుపడతాను. మంగళ, గురువారాలు ఐదున్నర లోపు రండి, మిగతా రోజులు రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటాను. వాటిలో ఒకటి నెమలి కంఠం రంగు పట్టుది, చేతులకి సన్న జరీ అంచు, వెనక డోరీకి రెండు ముత్యాల గుత్తులు, 2019 మే నెల చీటీ, పేరు దగ్గర "పెళ్లికూతురి అమ్మ" అని మాత్రమే రాసుంది, 600 అడ్వాన్సు కట్టున్నారు, ఇంకేమీ ఇవ్వక్కర్లేదు.