నీలం మాత్ర గురించి జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ కార్యాలయంలో రెండు అర్జీలు ఇచ్చాను. రసీదులు ఉన్నాయి, జవాబు లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్రను ఆ రోజు పొద్దున ప్రార్థన కాగానే మింగించారు. ఇంట్లో టీ మాత్రమే తాగి వెళ్లిన పిల్ల. కాసేపటికే కడుపు పట్టుకుని కూలబడి, యూనిఫాం మీదే వాంతి చేసుకుంది. మర్నాడు విరేచనం నల్లగా వస్తే రక్తం పోతోందేమోనని మాకు ఒకటే టెన్షన్. ఐరన్ వేసుకుంటే అది మామూలేనని ఒక్కరూ ముందు చెప్పలేదు. ఇప్పుడు మాత్రను బుగ్గన దాచి, గోడవతల ఉమ్మేస్తోంది. స్నేహితురాళ్లూ అంతేనట.

మాత్రలు వద్దనడం లేదు. రక్తహీనత ఏం చేస్తుందో మా అమ్మను చూసి తెలుసుకున్నాను. రక్తహీనత తగ్గించేందుకు 2018లో మొదలైన కేంద్ర కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్ ప్రకారం ఈ నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. పరగడుపున వేసుకుంటే వికారం, కడుపునొప్పి రావచ్చు; టీతో అయితే ఒంటికి పట్టేదీ తక్కువే. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బుతో తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల్లో ఐరన్ అప్పటికే పేరుకుని గుండెకూ కాలేయానికీ చేటు చేస్తుంది. ఇంట్లో ఉండే గర్భిణుల ఎర్ర ఐరన్ మాత్రలను పసివాళ్లు చాక్లెట్లనుకుని గుప్పెడు మింగితే ప్రాణాలకే ముప్పు.

మధ్యాహ్న భోజనం తర్వాతే మాత్ర ఇవ్వాలని ప్రతి బడికీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. తలసీమియా పిల్లలకు డాక్టరు చెప్పనిదే ఇవ్వొద్దనండి. జాగ్రత్తలు తెలుగులో అచ్చువేసి ఇంటికి పంపండి. ఆ ఉత్తర్వు వచ్చేదాకా ప్రతి సోమవారం గ్రీవెన్స్‌కు వస్తూనే ఉంటాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి