ఫోను పెట్టె మీద అప్‌డేట్ల గడువు తేదీ ముద్రించాలి

సంపాదకులకు నమస్కారం.

నేను నరసరావుపేటలో పద్నాలుగేళ్లుగా సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణం నడుపుతున్నాను. కిందటి నెలలో మా వీధి చివర కిరాణా కొట్టు పెట్టుకున్న ఒకామె, చేతిలోంచి జారి పగిలిన డిస్‌ప్లే మార్పించుకోవడానికి తన ఫోను తెచ్చింది. 2024 దసరాకు వాయిదాల మీద కొన్న ఫోను అది. కొత్త డిస్‌ప్లే, మా వాడుకలో ఫోల్డర్, బిగించాక టచ్ సరిగా పనిచేస్తోందో లేదో చూస్తూ, అలవాటు కొద్దీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘అబౌట్ ఫోన్’ తెరిచాను. ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ అన్న చోట 2024 ఏప్రిల్ 5 అని ఉంది. కొత్త అప్‌డేట్ ఏమైనా ఉందేమోనని వెతికిస్తే, మీ ఫోను తాజాగానే ఉందని జవాబు వచ్చింది. అంటే దుకాణంలో ఆమె ఎదుట పెట్టె సీలు విప్పిన నాటికే ఆ ఫోనుకు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి ఆరు నెలలయింది. “ఫోను బాగానే ఉంది కదన్నయ్యా, ఇంకా ఏం చూస్తున్నావు?” అని ఆమె అడిగింది. సంగతి చెప్పాక ఒక్క మాటే అంది: “ఆఖరి వాయిదా ఇంకా కట్టనే లేదు.”

ఆ తేదీకి ఎందుకింత ప్రాధాన్యమో చెప్పవలసి ఉంది. ఫొటోలు, వీడియోలు పంపే ఒక్క ఎంఎంఎస్ సందేశంతో ఫోనును పరాయివాడి చేతిలో పెట్టగల స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం 2015లో బయటపడిన తర్వాత, అదే సంవత్సరం ఆగస్టు నుంచి గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్‌లో కనిపెట్టిన లోపాలనూ వాటి సవరణలనూ నెలనెలా బహిరంగంగా ప్రకటిస్తోంది. అయితే గూగుల్ సవరణ ఇచ్చినంత మాత్రాన అది మన చేతిలోని ఫోనుకు చేరదు. ఫోను తయారీ కంపెనీ దాన్ని తన ఒక్కొక్క మోడల్‌కూ సరిపడేలా మలచి పంపాలి, చిప్‌కు సంబంధించిన లోపమైతే చిప్ తయారుచేసిన సంస్థ కూడా సహకరించాలి. వీరిలో ఎవరు చేతులెత్తేసినా ఆ మోడల్ అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత కూడా లోపాల జాబితా నెలనెలా వెలువడుతూనే ఉంటుంది కాబట్టి, ఏ తలుపుకు గడియ లేదో దొంగకు తెలుస్తుంది, ఇంటివారికి మాత్రం తెలియదు. ఫోను ఎప్పటిలాగే వెలుగుతుంది, మోగుతుంది, డబ్బులు పంపుతుంది. ఉబ్బిన బ్యాటరీ కంటికి కనబడుతుంది, అరిగిన ఛార్జింగ్ పిన్ను చేతికి తెలుస్తుంది. ఈ లోపానికి అలాంటి గుర్తు ఏదీ లేదు.

ఇక పెట్టె సంగతి. దాని మీద గరిష్ఠ చిల్లర ధర ఉంటుంది, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, ఆ ఫోనును గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది. అప్‌డేట్లు ఏ తేదీ వరకు వస్తాయన్నది మాత్రం నేను విప్పిన ఏ పెట్టె మీదా చూడలేదు. తయారైన నెలను చూసి కొత్త ఫోనే కదా అనుకోవడం సహజం. కానీ కిందటి నెలలో ఫ్యాక్టరీ దాటిన ఫోను మూడేళ్ల కిందట విడుదలైన మోడల్ అయి ఉండవచ్చు, అప్‌డేట్ల లెక్కను చాలా కంపెనీలు మోడల్ విడుదలైన రోజు నుంచే వేస్తాయి. పండగ సీజన్లో ధర తగ్గించి అమ్మే ఫోన్లలో ఇలాంటివి ఉంటాయని అనుభవం మీద చెబుతున్నాను. పాత ఫోను కొనేవారికైనా ఒక దారి ఉంది. *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు చూసుకుని, కేవైఎం అన్న మూడు ఇంగ్లిషు అక్షరాల తర్వాత ఆ నంబరు చేర్చి 14422కు సందేశం పంపితే, ఆ నంబరు ఏ మోడల్‌దో, బ్లాక్ అయిందో లేదో తెలిసిపోతుంది. కొత్త ఫోను ఆయుష్షు తెలుసుకోవడానికి అంత సులువైన దారి లేదు.

వాట్సాప్‌లో పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో వచ్చే, మోసపు యాప్‌ను ఫోనులోకి ఎక్కించే ఏపీకే ఫైళ్లను జనమే నొక్కుతుంటే అప్‌డేట్లు ఏం చేస్తాయని కొందరు అడుగుతారు. మనమే అన్ని అనుమతులూ ఇచ్చేస్తే ఏ ఫోనూ కాపాడలేదన్నది నిజమే. అయినా 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, అలా బయటి ఫైలు ద్వారా వేసుకున్న యాప్ ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడిగితే ఫోను దానంతట అదే అడ్డు చెబుతుంది. తెర మీద ఉన్నదంతా చదవగలిగేది, మన బదులు బటన్లు నొక్కగలిగేది ఆ అనుమతే. మోసగాళ్లు ఆ అడ్డును దాటే ఉపాయాలు వెతుకుతూనే ఉన్నారు, కానీ కిరాణా కొట్టు ఆమె ఫోనులో ఉన్నది ఆండ్రాయిడ్ 12. ఆ మాత్రం అడ్డు కూడా ఆమెకు లేదు.

ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు దీనికి వేరే మందు చెబుతారు. ఫోను వెలిగేటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో నిర్ణయించే బూట్‌లోడర్ తాళం తీసి, కంపెనీ వేసిన సాఫ్ట్‌వేర్ తొలగించి ఔత్సాహికులు ఉచితంగా తయారుచేసే లీనియేజ్ ఓఎస్ వంటిది వేసుకుంటే, కంపెనీ వదిలేసిన ఫోనుకు కూడా కొత్త ఆండ్రాయిడ్ వస్తుంది. నేనూ కొన్నింటికి వేశాను, ఆ కుర్రాళ్ల ఓపికను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ తాళం తీసేటప్పుడు ఫోనులోని ఫొటోలతో సహా మొత్తం చెరిగిపోతుంది. తాళం తీసిన ఫోను దొంగచేతికి చిక్కితే అందులో వాడు తనకు నచ్చిన సాఫ్ట్‌వేర్ వేసుకోగలడు. పైగా కొన్ని బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు అలాంటి ఫోనును గుర్తించి పనిచేయడం మానేస్తాయి. రోజంతా ఫోను మీదే డబ్బు పుచ్చుకునే మనిషికి నేను ఈ సలహా ఇవ్వలేను. అసలు కొన్ని కంపెనీలు తాళం తీయడానికే ఒప్పుకోవు. తాము అప్‌డేట్లు ఆపేశాక కూడా ఆ తాళంచెవి తమ దగ్గరే ఉంచుకోవడం అన్యాయమని నా అభిప్రాయం. అప్‌డేట్లు ఆపిన రోజునే, కావాలన్న యజమానికి తాళం తీసే వీలు కల్పించాలి.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, ఫోనుకు భద్రతా అప్‌డేట్లు కనీసం ఏ తేదీ వరకు ఇస్తారో తయారీదారు స్పష్టంగా ప్రకటించి తీరాలి. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి మరో అడుగు ముందుకు వేసి, తయారీదారు ఇచ్చే అప్‌డేట్లను ఆ మోడల్‌ను మార్కెట్లోకి పంపడం ఆపిన తర్వాత కనీసం 5 సంవత్సరాల పాటు ఉచితంగా అందుబాటులో ఉంచాలంది. లెక్క విడుదలైన రోజు నుంచి కాక అమ్మకం ఆగిన రోజు నుంచి మొదలవడమే ఇందులో కీలకం. ఖరీదైన ఫోన్లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో, శామ్‌సంగ్ 2024లో తమంతట తామే ప్రకటించాయి కాబట్టి, ఇది చేతకాని పని కాదు. పదివేల లోపు ఫోను కొనేవారికి ఏడేళ్లు ఇవ్వలేకపోతే పోనీ, ఇచ్చేది రెండేళ్లయితే రెండేళ్లనే ముందు చెప్పమనండి.

మన దేశంలో ఏ వస్తువును ఎంత సులువుగా బాగుచేయించుకోవచ్చో మార్కులతో చెప్పే మరమ్మతు సూచీపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. మార్కులు వేయడానికి ఎంచుకున్న అంశాల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా ఉన్నందుకు ఒక మరమ్మతుదారుగా సంతోషించాను. అయితే విడిభాగాలకు వచ్చిన మంచి మార్కుల్లో అప్‌డేట్లకు వచ్చిన సున్నా కలిసిపోయే ప్రమాదం ఉంది. అందుకే మార్కులతో నిమిత్తం లేకుండా, ధర ముద్రించిన చోటనే, అదే సైజు అక్షరాలతో, అప్‌డేట్లు ఆగే నెల, సంవత్సరం ముద్రించాలని ఆ శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అంతవరకు మా ఊరి ఫోన్ల దుకాణాల వారికి నా విన్నపం ఒక్కటే. ఏ మోడల్ ఎప్పుడు విడుదలైందో మీకు తెలుసు, వాయిదాల కాగితం మీద సంతకం పెట్టించుకునే ముందు ఆ మాట కొనేవారికి చెప్పండి.

ఇట్లు,
ఒక సెల్‌ఫోన్ మరమ్మతుదారు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా