పిల్లల జబ్బుల పరిశోధనకు మన చేయూత: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, కాలనీ పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

సంఘం చందాలో ఒక వాటాను పిల్లల జబ్బుల మీద జరిగే పరిశోధనకు ఇవ్వాలని, ఆ సంగతి ఊరూరా వివరించడానికి మనలోంచే కొందరిని రాయబారులుగా పంపాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. "వైద్యానికి ఇస్తే ఒక బిడ్డ బతుకుతది. పరిశోధనకు ఇస్తే ఎవలకు పోతదో ఏం తెలుస్తది?" అని ఆ రోజు ఒక పెద్దమనిషి నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. ఏడాదంతా హన్మకొండలోనూ, ములుగు దారిలోనూ ఎక్కడికి పోయినా అదే ఎదురైంది. అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

చికిత్సకు చేయి చాపితే లేదనేవాళ్లు మన దగ్గర తక్కువ. ఒక బిడ్డకు ఆపరేషన్ అని వాట్సాప్‌లో మెసేజ్ పడితే సాయంత్రానికి డబ్బు జమవుతుంది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి రూ.10 లక్షలకు పెరిగాక కొన్ని కుటుంబాలకు ఊపిరి అందింది కూడా. కానీ ఆ బిడ్డకు వాడే మందు ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్లు అరుదు. మన రాయబారులు ఊళ్లలో ఆ మాట యల్లాప్రగడ సుబ్బారావు గారితో మొదలుపెట్టారు.

1895లో భీమవరంలో పుట్టిన ఆయన మద్రాసులో వైద్యం చదివారు. అమెరికా పోవడానికి చేతిలో డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆదుకుంటామంది, మామగారు మరికొంత సమకూర్చారు. ఆ దాతలు చూసింది ఒక కుర్రవాడి చదువునే. దాదాపు పాతికేళ్ల తర్వాత అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందు బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ చేతికి చేరింది. అప్పటిదాకా బ్లడ్ క్యాన్సర్ (లుకేమియా) వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవాళ్లు. 1948లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఆ మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ తగ్గుదల నిలవలేదు. అయినా మందుతో లుకేమియాను కదిలించవచ్చని మొదటిసారి తెలిసింది. అదే కుదురుకు చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది. కాకినాడ సొమ్ము ఎవరికి పోయిందో ఇచ్చినవాళ్లు ఊహించి ఉండరు.

ఆ 1948 మే నెలలోనే, ఫార్బర్ దగ్గర క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న పన్నెండేళ్ల అబ్బాయి మాటలను రేడియోలో అమెరికా అంతటా వినిపించారు. బేస్‌బాల్ ఆటగాళ్లు అతని మంచం చుట్టూ చేరారు. తన జట్టు ఆట చూసేందుకు అతనికి ఒక టీవీ కొనిపెట్టాలని విన్నవాళ్లను అడిగితే, 2 లక్షల డాలర్లకు పైగా వచ్చిపడ్డాయి. అసలు పేరు చెప్పకుండా 'జిమ్మీ' అన్నారు. ఆ అబ్బాయి ఎవరో 1998 దాకా లోకానికి తెలియలేదు. మన కార్యవర్గం దీన్నిబట్టే ఒక నియమం పెట్టుకుంది. చందా కోసం ఏ బిడ్డ ఫొటో, పేరు, ఊరు గ్రూపుల్లో పెట్టం. రేపు ఆ పిల్ల పెళ్లీడుకు వస్తుంది, ఆ ఫొటో ఎవరి ఫోన్‌లో మిగిలి ఉంటుందో ఎవరికెరుక. కొందరు సభ్యులు ఫొటో లేకపోతే చందా రాదన్నారు. వచ్చింది.

ఇక మన దగ్గరి సంగతి. ఎండాకాలంలో కాలేజీలకు సెలవులిస్తే రక్తదాతలు తగ్గిపోతారు. తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు) ఉన్న పిల్లలకు మాత్రం మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. అందుకే రక్తదాన శిబిరం మే నెలలో పెట్టాం. మీలో చాలామంది వచ్చి రక్తం ఇచ్చారు, సినిమా హీరోల అభిమాన సంఘాల కుర్రాళ్లు ఒకరిని మించి ఒకరు వరుస కట్టారు. ఆ తర్వాత రక్తం ఎక్కించే రోజున మన రాయబారులు పిల్లల దగ్గర కూర్చున్నారు. మూడో తరగతి చదివే ఒక పాప సూదికి ఎడమచేయే చాపింది. కుడిచేత్తో హోంవర్కు రాసుకోవాలట. తల్లి దగ్గర బట్టల షాపు కవరులో ఒక లాంగ్‌బుక్కు ఉంది. స్కేలుతో గీతలు కొట్టి తేదీ, హిమోగ్లోబిన్, ఎన్ని ప్యాకెట్లు ఎక్కించారు, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపే లెక్క) ఎంత, ఎప్పుడు జ్వరమొచ్చింది, అన్నీ రాసుకుంది. ఒక్క నెల కూడా ఖాళీ లేదు. ఆమె చదువు ఏడో తరగతి.

ఒక్కో ప్యాకెట్ రక్తంతో ఒంట్లోకి 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ చేరుతుంది. శరీరం రోజుకు బయటికి పంపగలిగేది 1, 2 మిల్లీగ్రాములే. మిగిలింది గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. ఐరన్ తీసే మాత్ర ఏ బిడ్డకు ఎంత మోతాదులో పనిచేస్తోంది, ఎవరికి పడటం లేదు అన్నది తెలియాలంటే డాక్టర్లకు ఇలాంటి లెక్కలే కావాలి. పరిశోధన అంటే అద్దాల గదిలో మైక్రోస్కోపు ఒక్కటే కాదని ఆ లాంగ్‌బుక్కు చూశాకే మాకూ బాగా అర్థమైంది. అందుకే ఈ ఏడు నిధిలో కొంత తీసి అవే గడులతో తెలుగు నోటుపుస్తకాలు అచ్చువేయించి కుటుంబాలకు ఇచ్చాం. తల్లిదండ్రులు ఒప్పుకుంటే, పేరు తీసేసి ఆ వివరాలు హైదరాబాద్‌లోని పరిశోధకులకు చేరతాయి.

'ఒప్పుకుంటే' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే) టీకా ప్రాజెక్టు చేపట్టారు. కొన్ని మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేశారని తేలింది. 2013లో పార్లమెంటు కమిటీ దీన్ని గట్టిగా తప్పుపట్టింది. గోదావరి పక్కన గూడేల్లో ఆ మాట ఇంకా మరుగునపడలేదు. టీకా మంచిదే, పరిశోధన మంచిదే. తల్లికి చెప్పకుండా బిడ్డ మీద చేయి వేయడం మంచిది కాదు. దేశంలోని నియమాల ప్రకారం ఏడేళ్లు దాటితే తల్లిదండ్రుల అంగీకారంతో పాటు ఆ బిడ్డ మాట కూడా అడగాలి. మన రాయబారులు పత్రం మొత్తం చదివి వినిపించాక, ఇంటికెళ్లి ఆలోచించి రమ్మంటారు. అదే రోజు సంతకం తీసుకోరు. కోయ మాట్లాడే ఇళ్లలో కోయలోనే చెబుతారు.

రాయబారులు అనగానే పెద్ద పేర్లు గుర్తొస్తాయి. పోలియో చుక్కలకు అమితాబ్ బచ్చన్ పిలుపునిచ్చారు, రోటరీ సభ్యులు 1985 నుంచి డబ్బు పోగుచేశారు. చివరి వైల్డ్ పోలియో కేసు మన దేశంలో 2011 జనవరిలో నమోదైంది. పిల్లలకు ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసే సత్యసాయి సంజీవని ఆస్పత్రులకు సునీల్ గవాస్కర్ అండగా నిలిచి, భారత్ తరఫున తాను చేసిన సెంచరీల లెక్కన ఆపరేషన్ల ఖర్చు భరించారు. వాళ్ల మాటకున్న బలం వేరు. అయితే "మీ ఇద్దరికీ రక్త పరీక్ష చేయించండి" అని మేనరికం కుదిరిన ఇంట్లో చెప్పాల్సింది ఆ ఇంటికి తెలిసిన మనిషే. భార్యాభర్తలు ఇద్దరూ క్యారియర్లైతే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులో బిడ్డకు తలసేమియా వచ్చే అవకాశం 25 శాతం. ఇది చెప్పడానికి మనం ఎన్నుకున్నవాళ్లు ఏటూరునాగారం వైపు పనిచేసి రిటైరైన ఏఎన్ఎం అక్క, జువాలజీ లెక్చరర్ సారు, కాజీపేట కిరాణా వ్యాపారి, తలసేమియాతోనే పెరిగి డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు. ఈ తమ్ముడు మాట్లాడితే తల్లులు లేచి దగ్గరికొచ్చి అతని భుజం తడిమి చూస్తారు. తమ బిడ్డ అంత వయసుకు వస్తుందని అప్పుడు నమ్ముతారు.

మేడారం జాతరలో చందా డబ్బా పెట్టాలని ఒక సూచన వచ్చింది. కార్యవర్గం వద్దంది. అమ్మల దర్శనానికి వచ్చినవాళ్ల ముందు డబ్బా పట్టుకోవడం మనకు తగదు. ములుగు దారిలో మంచినీళ్లు పోస్తూ, అడిగినవాళ్లకు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్ష గురించి చెప్పాం. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని కేంద్రం 2023 జూలైలో మిషన్ మొదలుపెట్టింది. పరీక్ష ఉచితమని చాలామందికి అక్కడే తెలిసింది.

ధర మాట కూడా చెప్పాలి. సికిల్ సెల్‌కు జన్యువును సరిచేసే చికిత్సను 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన గూడెం బిడ్డకు అది అందే దారి లేదు. ఇక్కడి శాస్త్రవేత్తలు ఇక్కడి ఖర్చుతో చేస్తేనే అందుతుంది, ఢిల్లీలోని ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీలో ఆ ప్రయత్నం సాగుతోంది. ఇలా జరగదనుకునేవాళ్లు రోటావాక్‌ను చూడాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన బిడ్డల దగ్గర దొరికిన వైరస్‌తో, ప్రభుత్వ నిధులు, గేట్స్ ఫౌండేషన్ విరాళం కలిసి, హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన, పసిబిడ్డల విరేచనాలను అడ్డుకునే టీకా అది. డోసు డాలరుకే ఇస్తామని మాట ఇచ్చి 2015లో తెచ్చారు. దేశ టీకా కార్యక్రమంలో పసిబిడ్డల నోట్లో వేసే చుక్కల్లో ఇలా వచ్చినవి కూడా ఉన్నాయి.

నిధికి నెలనెలా ఇచ్చిన సభ్యులకు, వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ)లో చదివి అమెరికాలో పిల్లల డాక్టర్లుగా ఉన్న మన ఊరి బిడ్డలకు కృతజ్ఞతలు. డాక్టర్లు డబ్బుతో ఆగలేదు, నోటుపుస్తకంలోని గడులు సరిచూసింది వాళ్లే. మనం ఇచ్చే ప్రతి విరాళానికి రెండు షరతులు పెట్టాం: ఖర్చు లెక్క ఏటా రాతపూర్వకంగా ఇవ్వాలి, ఏం తేలిందో మన సభలోకొచ్చి తెలుగులో చెప్పాలి. రెండోదానికి ఒక పరిశోధన విభాగం ఒప్పుకోలేదు. వాళ్లకు ఇవ్వలేదు.

మిగతా పనులు: బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. పార్కు బోరు బాగైంది. రెండో లైన్ డ్రైనేజీ అర్జీ ఇంకా కార్పొరేషన్‌లోనే ఉంది, వెంటపడుతున్నాం.

వచ్చే ఏటికి కార్యవర్గం మూడు ప్రతిపాదనలు పెడుతోంది. పరిశోధన నిధికి ఇంటికి నెలకు రూ.50 చొప్పున కొనసాగించాలి. పెళ్లి కుదిరిన జంటల హెచ్‌బీఏ2 (తలసేమియా క్యారియర్లను గుర్తించే రక్త) పరీక్ష ఖర్చు, అడిగినవాళ్లకు సంఘమే భరించాలి. రాయబారుల్లో కోయ, లంబాడీ మాట్లాడే ఇద్దరు మహిళలను చేర్చాలి. ఆడిట్ అయిన లెక్కలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. ప్రతిపాదనల మీద సవరణలు ఉన్నవాళ్లు ఓటింగ్‌కు ముందే రాసి ఇవ్వాలని మనవి.

కార్యదర్శి