విదేశాలకు వెళ్లేవారికి ఇకపై పెద్ద సంచులు అమ్మను

తార్నాకలోని మా దుకాణంలో కుక్కలకు, పిల్లులకు ఆహారం కొనే మీ అందరికీ నమస్కారం. నేను చేసిన ఒక తప్పు గురించి, దాని వల్ల మార్చుకున్న పద్ధతి గురించి చెప్పాలి.

మారేడ్‌పల్లి నుంచి వచ్చే దంపతులు తమ లాబ్రడార్‌తో సహా జర్మనీకి మకాం మార్చారు. కొన్నాళ్లకు సరిపడా ఆహారం వెంట తీసుకెళ్లవచ్చా అని నన్ను అడిగారు. సీలు విప్పకపోతే ఎవరూ అడ్డుచెప్పరని ధీమాగా చెప్పి 12 కిలోల సంచి అమ్మాను. అది తప్పు. మన దేశం నుంచి వెళ్లే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలను ఐరోపా సమాఖ్యలోకి సామానుతో తీసుకెళ్లకూడదు. మాంసం కలిసిన కుక్కల ఆహారానికీ అదే నిబంధన. జబ్బు కారణంగా తప్పనిసరైన ప్రత్యేక ఆహారానికి మాత్రం 2 కిలోల వరకు మినహాయింపు ఉంది. అది కూడా ఫ్రిజ్ అవసరం లేనిదై, కంపెనీ ప్యాకింగులోనే ఉండాలి.

విమానాశ్రయంలో సంచి తీసేసుకున్నారు. మర్నాడు ఆదివారం. జర్మనీలో ఆ రోజు దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి. ఆవిడ ఫోను చేసి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఇప్పుడు దీనికి ఏం పెట్టమంటారండీ?" అని మాత్రం అడిగారు. తెలిసినవారింట అన్నం, ఉడికించిన కోడిమాంసం పెట్టమని చెప్పానే గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సోమవారం వారు మంచి మాంసం డబ్బాలు చూసి కొన్నారు. పది రోజుల తరువాత లేబుల్ ఫొటో పంపితే, దాని మీద 'ఎర్గెన్‌ట్సుంగ్స్‌ఫుట్టర్‌మిట్టెల్' అని ఉంది. అంటే అనుబంధ ఆహారం. అందులో కాల్షియం లాంటివి సరిపడా ఉండవు, రోజూ అదొక్కటే పెట్టకూడదు. సంపూర్ణ ఆహారం కావాలంటే 'అల్లైన్‌ఫుట్టర్‌మిట్టెల్' అన్న మాట వెతకాలి. ఫ్రాన్సులో అయితే 'అలిమాన్ కొంప్లే', జపానులో 'సోగో ఎయియోషొకు'. డబ్బా మీద బొమ్మ ఎంత బాగున్నా ఈ ఒక్క మాట లేకపోతే కొనకండి. కుక్క ఇప్పుడు కులాసాగా ఉంది. సంచి డబ్బు వారికి తిరిగి పంపాను.

ఇకపై ప్రయాణం ఉందని చెప్పినవారికి పెద్ద సంచి అమ్మను. రెండు నెలల ముందు ఒకసారి రండి. మీరు వెళ్లే దేశంలో దొరికే రకాన్ని ఇక్కడే మొదలుపెడదాం. పాతదానిలో పావు వంతు కొత్తది కలిపి, తరువాత సగం, ఆపైన ముప్పావు, ఇలా వారం పది రోజుల్లో మార్చాలి. పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి దినుసులు మారవచ్చు కనుక అక్కడికి వెళ్లాక మళ్లీ లేబుల్ చదవాలి. ఆ దేశపు లిపిలోనే మాటలు రాసిన కాగితం నేను ఉచితంగా ఇస్తాను. మూత్రపిండాల జబ్బు ఉన్న జంతువులకు మాత్రం నా సలహా చాలదు, పశువైద్యుడు రాసిచ్చిన చీటీ వెంట ఉంచుకోండి. పిల్లులున్నవారికి ఇంకొక మాట: కొత్త తిండి నచ్చక రోజంతా ఏమీ తినకపోతే ఆకలేస్తే అదే తింటుందిలే అని ఊరుకోకండి. అలా కొన్ని రోజులు ఉంటే కాలేయం దెబ్బతింటుంది, వెంటనే వైద్యుడికి చూపించండి.

నా మాట నమ్మి పెద్ద సంచి కొని, ఇంకా బయలుదేరనివారు ఎవరైనా ఉంటే సీలు విప్పకుండా తెచ్చివ్వండి. బిల్లు లేకపోయినా పూర్తి డబ్బు ఇస్తాను.