గాలి గొట్టానికి ఎఫ్‌సీ ఆపితే ఎలా? రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. టిప్పర్ ఇంజిన్ గాలి గొట్టం కారణంగా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఆపిన విషయమై లోగడ ఇచ్చిన అర్జీలకు రసీదులు వచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో వ్యర్థాలు మోసే టిప్పర్ నాది. ఆ రాతిపొడి ఇంజిన్‌లోకి పోతే లైనర్లు, పిస్టన్ రింగులు అరిగిపోతాయి, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో రెక్కల అంచులు దెబ్బతింటాయి. ఇంజిన్ పని పెట్టుకుంటే ఇక సంపాదనంతా షెడ్డుకే. అందుకని గాలి పీల్చే గొట్టాన్ని టైర్లు లేపే దుమ్ముకు అందకుండా క్యాబిన్ పైదాకా పొడిగించి, దుమ్మును సుడి తిప్పి బయటికి నెట్టే ప్రీ క్లీనర్ పెట్టించాను. ఫిల్టర్, దాని డబ్బా కంపెనీవే. ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్లే హోసు జోలికి పోలేదు. అక్కడ ఒక్క క్లాంపు వదులైనా వడకట్టని దుమ్ము నేరుగా లోపలికి పోతుందని తెలుసు. గొట్టం లావూ తగ్గించలేదు, తగ్గిస్తే గాలి చాలక నల్లపొగ వస్తుంది. పొగ పరీక్షలో బండి నెగ్గింది కూడా. ఇంతకన్నా జాగ్రత్త ఏమిటో చెబితే నేర్చుకుంటాను.

ఎఫ్‌సీకి వెళితే, కంపెనీది కాని గొట్టం ఉందని ఆపేశారు. కంపెనీ ఉత్తరం తెమ్మన్నారు. షోరూములో అడిగితే ముందు మీ శాఖ అనుమతి చూపించమన్నారు. అనుమతికి వెళితే ఉత్తరం ఏదన్నారు. బండి ఆగింది, ఫైనాన్స్ కిస్తీ ఆగలేదు. డ్రైవరు వేరే బండి చూసుకున్నాడు. చివరికి ఒక పెద్దమనిషి చెవిలో చెప్పారు: "గొట్టం ఊడదీసి తెండి, ఎఫ్‌సీ అయ్యాక బిగించుకోండి." చట్టాన్ని ఇలాగేనా గౌరవించడం, అయ్యా?

బండిలో మార్పుల గురించిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను అధికారులు చూపించారు. ఆ సెక్షన్‌పై 2019 నాటి సుప్రీంకోర్టు తీర్పూ చూపించారు. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అనీ గుర్తుచేశారు, సంతోషం. వాహనం మూల లక్షణాన్నే మార్చే నిర్మాణ మార్పును మాత్రమే ఆ సెక్షన్ కింది వివరణ 'మార్పు' అంటోంది కదా? నా ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఖాళీ బరువు, వీల్‌బేస్ ఉన్నాయి. గాలి గొట్టం ఎత్తు ఏ గడిలో ఉందో దయచేసి చూపించండి.

మరో మాట. ఫిల్టరే తీసేసి ఉత్త డబ్బాతో నల్లపొగ చిమ్ముతూ తిరిగే బండ్లు ఆ క్వారీల దారిలోనే ఉన్నాయి. వాటికి ఎఫ్‌సీకి ఏ ఆటంకమూ లేదు. బయటికి కనిపించే డబ్బా కంపెనీదే మరి!

ఏ మార్పు చేయవచ్చో, ఏది కూడదో, ఎవరు పరిశీలించి సంతకం పెడతారో రాతపూర్వకంగా చెప్పండి. నా బండి వదలండి. క్వారీ బండ్లన్నిటికీ ఒకే మాట చెప్పండి. గొట్టం తీసేయాల్సిందేనంటే ఆ మాట కూడా కాగితం మీదే ఇవ్వండి. రేపు ఇంజిన్ విప్పినప్పుడు వచ్చే బిల్లుకు దాన్ని జతచేసి మీకే పంపుతాను.

ఇట్లు,
ఒక టిప్పర్ యజమాని, చీమకుర్తి